ఐసు వేసిన మస్తానన్నకు

మస్తానన్నా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మనం పనిచేసే రింకులో, ఆ మంచు మైదానంలో ఆడే ఐస్ హాకీ జట్టును మూసేశారు. గోడకు జట్టు చరిత్రంటూ బోర్డు పెట్టారు. ఆటగాళ్లందరి పేర్లూ ఉన్నాయి. జనాన్ని నవ్వించడానికి ఒంటె వేషం కట్టి గంతులేసినవాడి పేరూ ఉంది. ఆరేళ్లు ఐసు వేసిన నీ పేరు లేదు.

ఈ ఎడారి దేశంలో ఎండాకాలం నువ్వు స్వెట్టరేసుకుని కంపెనీ బస్సెక్కితే మన ముసఫ్ఫా కూలీల క్యాంపంతా నవ్వేది, గుర్తుందా?

మన ముదీర్‌ని, అదే మేనేజర్‌ని, నీ పేరేదని నిలదీశాను. "వో ఖిలాడీ నహీ థా" అన్నాడు. ఆటగాడివి కాదట! నువ్వు ఐసు వేయకపోతే వాళ్లు ఇసుకలో ఆడేవాళ్లా?

పొద్దున ఐసు గడ్డకట్టించే మిషన్ ఆపేశారు. సాయంత్రానికి ఐసు కరిగి నీళ్లయింది. "ఖలాస్, యల్లా, పానీ సాఫ్ కరో" అని, అయిపోయింది, పద, నీళ్లు తుడువని ముదీర్ నన్ను పురమాయించాడు.

తుడుపుకర్ర అక్కడే విసిరేసి వచ్చాను అన్నా. వాళ్ల చరిత్ర వాళ్లనే తుడుచుకోనీ.