గాజుతొట్టి నీళ్లు

అమ్మా, మన వల ఎవరడిగినా ఇవ్వకు. గాజుతొట్టి నీళ్లు ఇక చెరువులో పొయ్యకు. "చేపనీళ్లు పారబోస్తే దండగరా" అంటూ నువ్వు పోసిన నీళ్లే మన కొంప ముంచాయి. మన చెరువులో చేపల్ని చంపిన వైరస్సే నీ రంగుచేపల్లోనూ ఉందట, పరీక్షలో తేలింది.

చేపపిల్లల్ని అమ్మినవాడే జబ్బు అంటించాడని వాడి గేటు ముందు ఊళ్లో చేపల రైతులందర్నీ ధర్నాకి కూర్చోబెట్టింది నేనే. ఇప్పుడు నిజం చెబితే మనవాళ్లే నన్ను తంతారు. చెప్పకపోతే ఊరంతా తిరిగే మన వలతోనే జబ్బు అందరి చెరువులకూ పాకుతుంది. ఎటూ కదలలేకుండా ఇరుక్కున్నాను. అయినా చెప్పడానికే వెళ్తున్నా. నీళ్లు పోసింది నేనేనంటాను. నువ్వు నోరు మెదపకు.

గాజుతొట్టిలో ఆ ఎర్రచేప హుషారుగానే ఉంది. పైకి బాగున్నవే జబ్బు మోస్తాయట. నేనొచ్చేదాకా దాన్నేం చెయ్యకు. మేత వెయ్యి.