ఇడ్లీపిండి వెనకాల చుట్ట కేకు

వీణా,

ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నె వెనకాల కేకు దాచాను. పక్కింటి మార్సెలా తెచ్చింది, వాళ్ళ చిలీ దేశపు వంటకమట. లోపల ఎర్రగా మరిగించిన పాలకోవా పూసి చాపలా చుట్టింది. నువ్వూ అబ్బాయీ తినండి. మామయ్యగారి కంట పడనివ్వకు, అందులో గుడ్లున్నాయి.

ఒక చివర తరిగి ఉందేమిటంటావా, నేనే తిన్నాను. ఆ పిల్ల అంత ఆశగా ఎదురుగా నిలబడితే వద్దని ఎలా అంటాను? పాలకోవాయే కదా అని ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఎలా చేశావమ్మా అని సైగ చేసి అడిగితే, ఆరు వేళ్ళు చూపించి "సిక్స్ ఎగ్స్, ఆంటీ!" అంది. నాకు గుండె ఆగినంత పనైంది.

రెండో ముక్క సంగతి నన్ను అడక్కు.

గుడ్డు వాసన పడదని నేను గొడవ చేసినందుకు అబ్బాయి జూలైలో చలికాలం వచ్చే ఈ తలకిందుల దేశంలో, గరాజులో వణుక్కుంటూ ఆమ్లెట్ వేసుకుంటున్నాడు. ఆ పెనం ఇంట్లోకి తెచ్చేసుకోండి. నన్ను చూసి నవ్వకండి, అంతే.

మేం స్టేషన్ దాకా నడిచొస్తాం. మామయ్యగారు అప్పుడే బూట్లు వేసుకుని గుమ్మంలోంచి కేకలేస్తున్నారు. పప్పు ఉడికింది, తాలింపు నువ్వు పెట్టు.

అత్తయ్య

మర్చిపోయాను. మార్సెలా ప్లేటు ఖాళీగా ఇవ్వకు, నాలుగు సున్నుండలు పెట్టి ఇవ్వు. "మా అత్తగారు గుడ్డు తినరు, ఈసారి గుడ్లు లేకుండా చెయ్యి" అని మాత్రం చెప్పకు.