కార్యదర్శి గారి వెనక గేటు

పెద్దాసుపత్రి, గురువారం

తాతకి ఉష నమస్కారాలు.

నీ ఫోను సముద్రంలో పడ్డ దగ్గర్నుంచి చేపల వ్యాను గిరిబాబే మనకి పోస్టుమాన్ అయ్యాడు. వచ్చే సోమవారం నీ హెర్నియా ఆపరేషన్ అనుకున్నాం కదా, ఆ రోజే మా జూనియర్ డాక్టర్ల సమ్మె మొదలు. సంఘానికి కార్యదర్శిని నేనే. పగలూ రాత్రీ ఏకబిగిన డ్యూటీ, నడుం వాల్చడానికి గది లేదు. మొన్న నిద్రమత్తులో రోగిని వదిలేసి, పక్కన కూర్చున్న వాళ్ళావిడకి బీపీ చూసి మందులు రాయబోయాను. ప్రాణం మీదికొచ్చిన కేసులు తప్ప చూడం. నీది వాయిదా పడుతుంది, కోప్పడకు.

నీ మనవరాలు,
ఉష

తా.క. ఉత్తరం చేపల బుట్టలో పెట్టొద్దని గిరిబాబుకి చెప్పు. వార్డులో పిల్లి నా వెంటే తిరుగుతోంది.

---

ఉషమ్మకి తాత పోతురాజు దీవించి రాస్తన్నాను.

కోపమేటి? వేట బందని మనూర్లో దండోరా ఏస్తే ఒక్క తెప్ప కదల్దు. కదిలినోడు తప్పు కింద ఊరందరికీ బోజనం పెట్టాల. మీ సంఘంలో తప్పు ఏటి? అది నేకపోతే సంఘం నిలవదమ్మా. పెద్ద వేట రోజులొచ్చీలోగా కడుపు బాగవకపోతే ఈ యేడు వల లాగలేను, నిజమే. అయినా బెంగెట్టుకోకు.

ఇట్లు,
తాత

తా.క. మీ మామ్మ మాత్రం ఏడుపు మానడం నేదు.

---

తాతకి,

నీ మాట మీటింగులో చెప్పాను. సమ్మె తప్పినవాళ్ళు అందరికీ విందు పెట్టాలని తీర్మానం చేశాం. మొదటి సంతకం నాదే.

ఉష

తా.క. ఎవరికీ చెప్పకు. మామ్మ ఏడుస్తోందంటే నీ నొప్పి ఎంతో నాకర్థమైంది. సోమవారం పొద్దున్నే వెనక గేటుకి రా. ఆపరేషన్ ప్రొఫెసర్ గారు చేస్తారు, పక్కన నేనుంటాను. నువ్వు ఆ నొప్పితో వల లాగడం నేను చూడలేను తాతా.

---

ముందు గేటు, సమ్మె టెంటు నుంచి

కార్యదర్శి గారికి,

నువ్వు వెనక గేటు కాడ నిల్చున్నావు. నాను ముందు గేటు కాడ మీ డాక్టరు పిల్లల మద్దిన కూకుని ఇది రాస్తన్నాను. గిరిబాబు అటు తిరిగొచ్చి నీకిస్తాడు.

సూపరింటెండెంటు గారొచ్చి నువ్వెవరయ్యా అనడిగారు. “నాను రోగినండి. ఈ పిల్లలు పడుకోడానికి గది ఇచ్చీదాకా నా కడుపు కొయ్యనివ్వను. నిద్దర్లో కోసీసి కుట్టడం మర్సిపోతే ఏటి?” అన్నాను. ఆయన ఎంటనే స్టోరు గది తాళానికి మనిషిని పంపారు, మిగతావి మద్దేనం కూకుని మాటాడతారంట.

ఈ రేత్రి నువ్వు ఆ గదిలో కంటినిండా నిద్దరపో. సమ్మె తీరాక ఆపరేషన్ కాడ నా పక్కన నిలబడు. నీ సెయ్యి నాకు నమ్మకమే తల్లీ.

నిన్ను సూసి గర్వపడుతున్న
రోగి పోతురాజు

తా.క. మామ్మ ఏడిసింది నా నొప్పికి కాదు. ఫోను పోయి సీరియల్ ఆగిపోనాదని.

తా.క. ఇంకోటి. కట్టు తప్పినోళ్ళెవులో వీళ్ళకి సెప్పీసాను. కోనాం చేపలు వ్యాన్లో ఉన్నాయి, వొండడం నీ తప్పు కింద. అందరూ ఆకలి మీదున్నారు, బేగి రా.