అతిభావుకతకు నిర్వచనం కోరుతూ

ఎమ్మే తెలుగు మాస్టారు ఆనందకుమార్ గారి సమక్షానికి,

పోయిన మా అమ్మ మీద నేను రాసిన కవితలో "ఎల్లొత్తాను, తలుపేసుకో" అన్న చివరి పాదం కొట్టేసి, పక్కన "అతిభావుకత" అని ఎర్రసిరాతో రాశారు. తమరు దాని నిర్వచనం సాయంత్రంలోగా సెలవివ్వాలి. ఆ కవిత అచ్చేసే అమ్మ జ్ఞాపకార్థ కూడిక కార్డు ప్రెస్సుకెళ్లాలి సార్. మిరియం పిన్ని నిర్వచనం ఆల్రెడీ వచ్చేసింది: "ఏడుపు రాకపోతే అది కవితేట్రా?" ఆ లెక్కన మా కరెంటు బిల్లూ మహాకావ్యమే.

పోయినవాళ్లతో ఎవరూ అలా మాట్లాడరన్నారు మీరు. పాదం ఉంచనా, తీసేయనా? అది నాది కాదు సార్. స్టీల్‌ప్లాంటు షిఫ్టుకి వెళ్తూ నాన్న రోజూ గుమ్మంలో అమ్మతో అనే మాట. ఈ ఉదయం కూడా అన్నారు. లోపల్నుంచి నేనే గడియ పెట్టాను.

తమ మొండి శిష్యుడు,
కూర్మన్నపాలెం