తాతయ్య మఫ్లర్ సంగతి

బెవ్ పిన్నీ,

అన్నయ్యతో పంపిస్తే చదివేస్తాడని ఈ చీటీ నేనే మీ తలుపు కింద తోస్తున్నా. చదివాక చించెయ్యి. అమ్మకి కూడా చెప్పకు.

తాతయ్య ఫుట్‌బాల్ మఫ్లర్ ఉతికేశాను! మన టీం గెలుస్తున్నన్నాళ్ళూ దానికి నీళ్ళు తగలకూడదని నాకూ తెలుసు. మొన్న నేను తింటున్న మాంసం పేస్ట్రీలోంచి సాస్ దానిమీద ఒలికింది. భయమేసి వాషింగ్ మెషిన్లో పడేశా. వరసగా గెలిచిన పదకొండు మ్యాచ్‌ల అదృష్టం సబ్బు నీళ్ళలో పోయింది.

రేపు డెరింగల్ టీంతో ఆట. అయినా వాళ్ళు ఈ ఏడాది ఒక్కటీ గెలవలేదు కాబట్టి మనమే గెలుస్తాం, నాకు నమ్మకముంది. "ఒరేయ్ బ్రెంట్, వాళ్ళ చేతిలో ఓడాలంటే మనవాళ్ళు కళ్ళకి గంతలు కట్టుకోవాల్రా" అని తాతయ్య అన్నయ్యతో ఒకటే నవ్వు.

పొద్దున మఫ్లర్ మెడకి చుట్టుకుని, "ఏంటే, ఇంత మెత్తగా ఉంది?" అన్నాడు.

"ఎండలో పెట్టా తాతయ్యా."

"హాయిగా ఉందే!"

రేపు గోల్ వెనక నా పక్కనే నిలబడు పిన్నీ. మన ఆటలో గోల్‌కి ఆరు పాయింట్లు కదా, వంద పాయింట్ల తేడాతో గెలిస్తే నిజం నేనే చెప్తా. ఒక్క పాయింటు తేడాతో గెలిస్తే నువ్వు చెప్పు. ఓడిపోతే మాత్రం, ప్లీజ్, ఉతికింది నువ్వే.

నీ పిల్ల