కుప్పం దాకా తిరిగిన టేపు

ఖాదర్,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన మదనపల్లె ఆఫీసులో ఉపగ్రహ చిత్రాల పాత టేపులను హార్డ్ డిస్కులకు ఎక్కిస్తున్నాం. పుంగనూరు దగ్గర ఒక చెరువు పాత హద్దు తేల్చాలని రైతులు అడిగితే, ఇవాళ నువ్వు రికార్డు చేసిన టేపు తీశాను. ఆ చిత్రం ఇంకెక్కడా లేదు.

మిషన్‌కు ఎక్కిస్తే చిత్రం తెర మీద పైనుంచి వరుస వరుసగా వచ్చింది. ముందు మదనపల్లె, తర్వాత పుంగనూరు. చెరువు నిండుగా కనిపించింది. అప్పటికే టేపు పూత పొడిగా రాలుతోంది. కొత్త ఇంజనీరు సుజాత కంగారు పడింది.

"చెరువు వచ్చేసింది కదన్నా, ఆపేయన్నా. మిషన్ పాడైతాది."

"ఇంకొంచెం ఉండాదమ్మా."

"ఇంకేముండాది ఆడ?"

"కుప్పం."

ఆపితే ఈ టేపు మళ్లీ తిరగదని తెలుసు. అందుకే తిరగనిచ్చాను. కుప్పం కూడా వచ్చింది.

ఆ చిత్రంలో మీ కుప్పం పక్కన ఒక చుక్క చూపించి, అదే మీ మల్బరీ తోట అనేవాడివి. "తోట కాదబ్బా, మేఘం నీడ" అని మేమంతా నిన్ను ఏడిపించేవాళ్లం. ఇవాళ చాలాసేపు చూశాను. తోటో నీడో నాకు తెలియలేదు.

"ఏందన్నా ఆ చుక్క?" అని సుజాత అడిగింది.

మా ఖాదర్ తోట అని చెప్పాను.