మల్బరీ మడికి పాత సమయం

మంగళవారం, రాత్రి

రైతు రంగన్న మల్బరీ బతికింది.

పొద్దున ఆయన గోరంట్ల నుంచి నేరుగా మా డ్రిప్ ఆఫీసుకొచ్చి, అందరి ముందూ అడిగాడు. "ఏమ్మా, కరెంటు పగలు ఇస్తాండారు, నీ పెట్టె రాత్రిపూట వాల్వు తెరుస్తాండాది. మూడు దినాలాయ, ఆకు వాలిపాయ. పట్టుపురుగులకు ఏం పెట్టల్ల, నీ కంప్యూటరా?"

పొలంలో వాల్వు తెరిచే ఆ పెట్టెకు ఆఫీసు కంప్యూటర్‌లో సమయం పెట్టేది నేనే. కరెంటు వేళలు మారిన రోజే తోట మొత్తానికీ సమయం మార్చాను. కంప్యూటర్ నల్ల తెరమీద తోట పేరు టైపు చేసి, వాల్వు ఎప్పుడు తెరుస్తుందని అడిగితే ఉదయం ఆరు అనే చెప్పింది. దాని కిందున్న మల్బరీ మడిని విడిగా అడిగాను. రాత్రి పది. ఎప్పుడో ఆ మడికి ప్రత్యేకంగా పెట్టిన సమయం, పైన ఏం మార్చినా కదలలేదు. ఆ సమయం రాసి ఉన్న ఒక్క వరుసను కంప్యూటర్‌లోంచి తీసేశాను. మళ్లీ అడిగితే ఉదయం ఆరు. ఆరు దాటిపోయింది కాబట్టి, ఈ రోజుకు వాల్వును ఆఫీసు నుంచే తెరిచాను.

సాయంత్రం ఫోన్ చేశాడు. "తడిసినాదమ్మా. ఆకు లేసినాది."

మధ్యాహ్నమే మిగతా తోటలనూ కంప్యూటర్‌లో ఒక్కో మడిగా అడిగి చూశాను. నరసమ్మ తోటలోనూ అదే తప్పు. సరిచేసి, ధైర్యం చేసి ఆమెకు ఫోన్ చేశాను. నీళ్లు రావట్లేదని ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"బోరు ఎండిపాయ అనుకుంటి తల్లీ. ఎండితే ఎవుర్ని అడగల్ల?"